పాత కూత పెడితే అవుటే

నూకరత్నం పరిగెడుతోంది. ఎక్కడికీ వెళ్ళట్లేదు, ఉన్నచోటే. కాళ్ళ కింద రబ్బరు పట్టా తిరుగుతోంది. ఎదురుగా గోడ మీద ఎర్ర లైటు వెలిగితే కుడి చెయ్యెత్తాలి, పచ్చ లైటు వెలిగితే ఎడమ చెయ్యెత్తాలి. అది చాలదన్నట్టు పక్కన స్టూలు మీద కూర్చుని డాక్టరు కాత్యాయని లెక్కలు చెప్పమంటోంది.

"వందలోంచి ఏడు తియ్యి. అలా తీసుకుంటూ పో."

"తొంభై మూడు... ఎనభయ్యారు... డెబ్భై తొమ్మిది..."

"ఇప్పుడు లెక్క మనసులో చేసుకో. నోటితో కూత పెట్టు."

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

విశాఖపట్నంలో ఓ కొండ మీద గది అది. నాలుగు గోడలూ తెల్లగా, చల్లగా ఉంటాయి. కింద సముద్రం కనిపిస్తుంది గానీ చప్పుడు వినిపించదు. ఆ చప్పుడు లేకపోవడమే నూకరత్నానికి ఏదోలా ఉండేది. భీమిలి దగ్గర చేపల పేటలో పుట్టి, ఇసకలో చెడుగుడు ఆడి, ఆడి, రాష్ట్రం ఆడపిల్లల జట్టులో కూతకెళ్ళే మనిషైంది. అవతలి కోర్టులోకి ఒంటరిగా దూరి, ఒక్క ఊపిరిలో కూత ఆపకుండా ఎవరినో ఒకరిని తాకి, మధ్య గీత దాటి వెనక్కి రావాలి. అదీ ఆవిడ పని. ఏడుగురు పట్టుకోడానికి కాసుకుని ఉంటారు.

పట్టా ఆగింది. డాక్టరమ్మ తెర మీద రెండు గీతలు చూపించింది, ఒకటి నీలం, ఒకటి ఎరుపు.

"నెత్తిన బిందె పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ నడిచే ఆడమనిషిని చూశావా రత్నం? కష్టమైన ప్రశ్నేదైనా అడిగితే నడక ఆపేస్తుంది."

"మా అత్తయితే ఆగదండి. బిందె దించీసి, నడుంకి సెయ్యేసుకుని మరీ జవాబు సెప్తాది."

డాక్టరమ్మ నవ్వింది. "అందరూ ఆగుతారు. ఒళ్ళు పని, బుర్ర పని ఒకేసారి చేస్తున్నామనుకుంటాం గానీ, ఒకటి వదిలి ఒకటి అందుకుంటూ ఉంటాం. నీలాంటి వాళ్ళు ఎంత తొందరగా అందుకుంటారంటే, చూసేవాళ్ళకి రెండూ ఒకేసారి చేస్తున్నట్టే ఉంటుంది. కానీ ఇదిగో, ఇక్కడ చూడు."

నీలం గీత ఆగిపోయి, ఎర్ర గీత ఇంకా మొదలవని చోట కొంచెం ఖాళీ ఉంది. తలవెంట్రుకంత.

"ఇది సందు. ఈ సందులో నువ్వు పరిగెత్తట్లేదు, ఆలోచించట్లేదు. ఊరికే ఉన్నావు. కిందటేడు సెమీస్‌లో నీ మడమ దొరికింది సరిగ్గా ఇలాంటి సందులోనే."

ఆ మాటతో నూకరత్నం ఒళ్ళు జివ్వుమంది. ఆ మడమ పట్టు ఆవిడ కలలోకి కూడా వస్తూనే ఉంది. మూలన కాసుకున్న పిల్ల వంగి రెండు చేతుల్తో కాలు పట్టేసింది, గీత జానెడు దూరంలో ఉంది, చెయ్యి చాస్తే అందలేదు. జట్టు మొత్తం తల దించుకుని బస్సెక్కింది. ఎవరూ ఏమీ అనలేదు. అందుకే ఇంకా మండింది.

"ఆ సందు మూసీగలరా?" అంది.

"మూయడానికే కదా ఇది," అని డాక్టరమ్మ ఓ పట్టీ చూపించింది. జడకి పెట్టుకునే రిబ్బనంత వెడల్పు, చెవి వెనక నుంచి మెడ మీదకి అతుక్కుంటుంది. దాంతో కొన్నాళ్ళు సాధన చేస్తే ఒంటికొచ్చిన ఆటని ఒళ్ళే ఆడుకుంటుందట, బుర్రని అడగదట. తల తన పని తను చూసుకుంటుంది. ఒళ్ళు నేర్చేసుకున్నాక పట్టీ తీసి బీరువాలో పెట్టేయడమే. మ్యాచ్‌లో పెట్టుకోనక్కర్లేదు కాబట్టి ఏ రూలూ అడ్డు రాదు.

కోచ్ గోవిందు మాస్టారు అక్కడే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయనకి ఇదంతా ఇష్టమో కాదో మొహం చూస్తే తెలీలేదు. డాక్టరమ్మ ఇంకో మాట అనేసరికి మాత్రం కదిలాడు.

"కూత కూడా పట్టీకే ఇచ్చేద్దాం రత్నం. అది మూడో బరువు. నోరు, ఊపిరి, ధ్యాస, మూడింటినీ తినేస్తోంది. రూలు కాబట్టి పెట్టాలి, అంతేగా? ఒళ్ళే పెట్టుకుంటుందిలే."

"కూత కూడానా అండీ?" అన్నాడు మాస్టారు. "కూతంటే ఊపిరి కదండీ. ఎంత మిగిలిందో తెలిస్తేనే కదా వెనక్కి తిరిగేది."

"ఊపిరి అయిపోతుంటే ఒళ్ళే తిరుగుతుంది మాస్టారూ. దానికి మనం చెప్పక్కర్లేదు."

ఆయన నూకరత్నం వైపు చూశాడు. ఆవిడకి కాలు నిలవట్లేదు. పట్టా ఆగినా పాదాలు ఇంకా తడుతూనే ఉన్నాయి.

"ఇచ్చీండి మాస్టారూ. నాకు ఆ కూతే బరువు. దాని మీద ద్యాస పెట్టీసరికే కాలు దొరికిపోతంది."

ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఆవిడే ఇచ్చేసింది.

* * *

కొన్నాళ్ళు సాధన చేసి పట్టీ తీసేశాక, లీగు మొదలైన రోజు నూకరత్నం గీత దాటి అవతల అడుగు పెట్టగానే ఒక వింత జరిగింది. ఆవిడ లేచి గ్యాలరీలోకెళ్ళి కూర్చున్నట్టు అయింది. ఒళ్ళు కింద ఉంది, కూత పెడుతోంది, మోకాళ్ళు వంచి అటూ ఇటూ ఊగుతోంది. తను మాత్రం పైనుంచి తీరిగ్గా చూస్తోంది. మూలనున్న పిల్ల కుడికాలి మీద బరువేసింది, ఎడమకి దూకుతుంది. మధ్యలో ఇద్దరూ చేతులు పట్టుకున్నారు, గొలుసు వేస్తారు. కెప్టెను కళ్ళు తన నడుం మీదున్నాయి. అన్నీ ఒకేసారి, పుస్తకంలో అక్షరాల్లా కనిపిస్తున్నాయి. ఇలా అనుకునేలోపే ఒళ్ళు వంగి, ఒకదాని భుజం, ఇంకోదాని మోచెయ్యి తాకి, వెనక్కెగిరి గీత మీద పడింది.

జనం లేచి నిలబడ్డారు.

"ఏటక్కా, ఒంట్లోకి దెయ్యంగానీ దూరిందేటి!" అంటూ జట్టులోని పిల్లలు మీద పడి కావిలించుకున్నారు. నూకరత్నం చేతులు కూడా వాళ్ళని కావిలించుకున్నాయి. ఆవిడ ఇంకా గ్యాలరీలోనే ఉంది, తర్వాత కూతకెళ్ళే రైడు లెక్క చూసుకుంటోంది.

ఫైనల్సు దాకా ఆవిడ మడమ ఎవరికీ దొరకలేదు.

* * *

ఇంట్లో మొదట్లో అందరికీ ముచ్చటగానే ఉంది. భర్త సత్తిబాబు హార్బరు దగ్గర ఐసు ప్లాంటులో పని చేస్తాడు. అత్త ఎల్లయమ్మ గుమ్మంలో కూర్చుని ఎండుచేపలమ్ముతుంది. నాలుగేళ్ళ కూతురు లిఖిత. అందరూ లిక్కి అంటారు.

ఎల్లయమ్మ పేటంతా చెప్పుకునేది. "మా కోడలికి నాలుగు సేతులొచ్చీసినాయమ్మా. ఓ పక్క సేప తోముతాది, ఓ పక్క పిల్లకి జడేస్తాది, మరోపక్క నా సోదంతా వింటాది. మునుపు నాను మాటాడితే సట్టి మాడబెట్టీది. ఇప్పుడు ఉప్పు కూడా సరిపోతంది!"

నిజమే, ఉప్పు సరిపోయేది. ఎప్పుడేసిందో మాత్రం నూకరత్నానికి తెలీదు. పొయ్యి దగ్గర నిలబడ్డట్టు గుర్తు, తర్వాత కూర దించినట్టు గుర్తు. మధ్యలో ఆవిడ ఏ రైడు గురించో ఆలోచించుకుంటూ ఉండేది. లిక్కికి తల దువ్వి, రెండు జడలేసి, రిబ్బను కట్టి, అంగన్వాడీకి పంపేసేది. పిల్ల వీధి మలుపు తిరిగాక ఉలిక్కిపడేది. ఇవాళ దాని మొహం ఎలా ఉంది? నవ్విందా, ఏడ్చిందా? ఏ గౌను వేసింది? ఎంత తన్నుకున్నా గుర్తు రాదు. వీధిలోకి పరిగెత్తేది. అప్పటికి పిల్ల వెళ్ళిపోయేది.

ఓ రోజు సాయంత్రం బట్టలు మారుస్తుంటే ఎడమ చేతికి గుడ్డ కట్టి కనిపించింది. విప్పితే అరచేతిలో బొబ్బ. గుండ్రంగా, కోడిగుడ్డంత. పైన పసుపు రాసి ఉంది.

"ఇదెప్పుడయ్యింది?" అంది సత్తిబాబుతో.

"నన్నడుగుతావేటే? పొద్దున్న సేపలు ఏపినప్పుడు నూనె పడిపోనాది. నువ్వే పసుపు రాసుకుని, నువ్వే కట్టు కట్టుకున్నావు. నాను అడిగితే, ఏటీ లేదన్నావు కదా."

అప్పుడు మండింది చెయ్యి. పొద్దున్న కాలినది సాయంత్రం మండింది.

ఇంకో రోజు అన్నాలు తింటుంటే సత్తిబాబు ప్లాంటులో జరిగిన వింత చెప్పాడు. కొత్తగా వచ్చిన సూపర్వైజరు దర్జాగా ఐసు గడ్డ మీద కూర్చుని ఫోను మాట్లాడాడట. లేద్దామంటే ప్యాంటు గడ్డకి అతుక్కుపోయిందట. పనివాళ్ళు నలుగురూ కలిసి సూపర్వైజరునీ గడ్డనీ కలిపి ఎత్తి ఎండలో పెట్టారట. ఎల్లయమ్మ పొలమారిపోయేలా నవ్వింది. లిక్కి నేల మీద దొర్లింది. నూకరత్నానికీ అది నవ్వే సంగతని తెలుస్తోంది. మొహం మాత్రం కదల్లేదు. ముద్ద కలుపుకుని తింటోంది.

"నీకు నవ్వు రాలేదేటి?" అన్నాడు సత్తిబాబు, చిన్నబుచ్చుకుని.

మర్నాడు పొద్దున్న వచ్చింది నవ్వు. కుళాయి దగ్గర పక్కింటి గురమ్మ తన మొగుడికి లివరు పాడైపోయిందని, డాక్టర్లు పెదవి విరిచేశారని ఏడుస్తూ చెప్తోంది. సరిగ్గా అప్పుడు నూకరత్నం పొట్ట ఎగిరెగిరి పడింది. నోట్లోంచి పకపకా నవ్వొచ్చేసింది. రెండు చేతుల్తో నోరు మూసుకుంది. ఆగలేదు. గురమ్మ బిందె వదిలేసి, ఆవిడ మొహంలోకి చూసి, "ఆటలో గెలిస్తే మనుసులు ఇలాగైపోతారేటే?" అని వెళ్ళిపోయింది.

ఆ రోజంతా నూకరత్నం ఒకచోట కూర్చోలేకపోయింది. ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి ఇసకలోకి, ఇసకలోంచి ఇంట్లోకి తిరిగింది. తన కాళ్ళు తిప్పుతున్నాయో తను తిరుగుతోందో తేలలేదు. పెదాలు కదుల్తున్నాయేమోనని వేలు పెట్టి చూసుకుంది. కదుల్తున్నాయి. చప్పుడు లేకుండా కూత పెడుతున్నాయి.

* * *

ఫైనల్సు వారం ఉందనగా నూకరత్నం దొడ్లో తాడు మీద బట్టలారేస్తోంది. అంటే చేతులు ఆరేస్తున్నాయి. తనేమో ఫైనల్లో ఆడబోయే జట్టుని తలుచుకుంటోంది. వాళ్ళ మూలకి ఓ కొత్త పిల్ల వచ్చింది, పొట్టిది, పాములా నేల మీద పాకి మడమ పడుతుంది. వీడియోలో చూసింది. ఆ పిల్ల కాలు పట్టగానే ఏం చెయ్యాలి? పట్టిన కాలిని మెలిపెట్టి తన్నాలి, రెండో కాలితో ఎగరాలి.

తడిచీర కింద నుంచి లిక్కి పాకుతూ వచ్చింది. అమ్మతో చెడుగుడు ఆడి చాలా రోజులైంది దానికి. చప్పుడు చెయ్యకుండా వచ్చి, రెండు చేతుల్తో అమ్మ మడమ పట్టేసుకుంది.

కాలు మెలి తిరిగింది, తన్నింది. రెండో కాలు ఎగిరింది. ఒళ్ళు గాల్లో తిరిగి, దొడ్డి గుమ్మం దాకా పరిగెత్తి, గడప దాటి, కుడిచేతి వేలు పైకెత్తి నిలబడింది. గెలిచినట్టు.

వెనకాల చప్పుడు లేదు. ఎల్లయమ్మ కేక ముందొచ్చింది, తర్వాత పిల్ల ఏడుపు. నూకరత్నం వెనక్కి తిరిగింది. లిక్కి బట్టలుతికే బండ పక్కన పడి ఉంది. మోచెయ్యి వంగకూడని వైపు వంగి ఉంది.

తన చెయ్యి ఇంకా పైకే ఉంది. దించాలని అనుకుంది. అనుకున్న తర్వాత కూడా కాసేపు దిగలేదు.

ఆస్పత్రిలో సిమెంటు కట్టు వేశారు. సత్తిబాబు మందుల చీటీ తనే తీసుకున్నాడు. పిల్లని భుజాన వేసుకుని ముందు నడిచాడు. నూకరత్నం దగ్గరికొస్తే లిక్కి అమ్మ మొహం చూడలేదు, కిందకి, పాదాల వైపు చూసింది. నాన్న మెడ గట్టిగా పట్టుకుంది.

* * *

"తీసీండి డాక్టరమ్మా," అంది నూకరత్నం. గదిలోకి వస్తూనే, చెప్పులు కూడా విప్పకుండా. "నాకు పెట్టింది తీసీండి."

కాత్యాయని ఆవిడని పట్టా మీద నడిపించి, లైట్లు చూపించి, లెక్కలడిగింది. తెర మీద నీలం గీత, ఎర్ర గీత పక్కపక్కనే నడిచాయి. ఎక్కడా తెగలేదు. ఎక్కడా కలవలేదు కూడా.

"పట్టీ ఎప్పుడో తీసేశాం రత్నం. ఇదిప్పుడు నీ ఒళ్ళే. సందు మొత్తం మూసుకుపోయింది." ఆ మాట అంటున్నప్పుడు డాక్టరమ్మ గొంతులో గర్వం లేదు. కాలిన చెయ్యి సంగతి, నవ్వు సంగతి, పిల్ల సంగతి అంతా విన్నది కదా.

"ఆ సందులో నాను ఏటీ సెయ్యట్లేదన్నారు. ఊరికే ఉన్నానన్నారు."

"అన్నాను."

"మరి నానుండీది అక్కడే కాబోలు డాక్టరమ్మా. మీరు మూసీసినారు. మూసీమని నానే అన్నాను."

కాత్యాయని లేచింది. తెర ఆపేసింది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఇన్నేళ్ళూ ఆ సందు ఎలా మూయాలా అనే చూశాను. ఎలా తెరవాలో నాకు తెలీదు, నీకు అబద్ధం చెప్పను. ఒక్కటి అనిపిస్తోంది. ఒంటికి వచ్చేసిన పనైతే ఒళ్ళే చేసుకుంటుంది, నిన్ను పిలవదు. నువ్వు లేకపోతే జరగని పని, అదీ ఒళ్ళూ బుర్రా కలిస్తేనే జరిగే పని, ఏదైనా దొరకాలి. అదేమిటో నాకు తట్టట్లేదు. ఫైనల్సు ఆడకు రత్నం. ఆడిన కొద్దీ ఇంకా గట్టిపడుతుంది."

* * *

ఇంటికొచ్చేసరికి లిక్కి మంచం మీద ఉంది. ఎల్లయమ్మ పక్కన కూర్చుని, పిల్లని మరిపించడానికి తను చిన్నప్పుడు ఇసకలో ఆడిన చెడుగుడు కబుర్లు చెప్తోంది.

"మాకు ఈ కబడ్డీ కబడ్డీ అనీదుండీది కాదే గుంటా. ఎవల కూత వాళ్ళు కట్టుకోవాల. గీత దాటినప్పుడల్లా కొత్తది కట్టాల. పాత కూత పెడితే అవుటే. పోనీ ఎదుటోళ్ళది పెట్టినా అవుటే. అందుకే మా ఈరమ్మ ఎంత లగెత్తితే ఏటి, బుర్రలో మాటుంటే కదా! గీత దాటి నోరు తెరిసీసి నిలబడిపోయేది, మేం పట్టీసీవాళ్ళం."

లిక్కి నవ్వింది. గుమ్మంలో అమ్మని చూసి నవ్వు ఆపేసింది.

నూకరత్నం గుమ్మంలోనే నిలబడిపోయింది. "అత్తా, కొత్తదంటే ఎప్పటికప్పుడేనా? ముందే కట్టుకుని రాకూడదా?"

"ముందే కట్టుకొస్తే పట్టీసుకుంటాం కదేటి. ఏది కనబడితే దాని మీద కట్టమనీవోళ్ళం. కాకి కనబడితే కాకి, కర్ర కనబడితే కర్ర."

నూకరత్నం మంచానికి దూరంగా, గోడవారన నిలబడింది. గచ్చు మీద కాలి బొటనవేలితో గీత గీసింది. దాటింది. నోరు తెరిచింది. "కబడ్డీ" అని దానంతటదే వచ్చేసింది.

"పాత కూత!" అంది ఎల్లయమ్మ. "అవుటు."

మళ్ళీ వెనక్కెళ్ళి మళ్ళీ దాటింది. మళ్ళీ కబడ్డీయే. మళ్ళీ వెళ్ళింది. ఒళ్ళంతా చెమట. పిల్ల చేతి మీదున్న తెల్ల కట్టు కనబడింది.

"కట్టు... కట్టు... సిమెంటు కట్టు..." అంది. తర్వాత మాట లేదు. ఊపిరి అయిపోతోంది. వెతికింది. బుర్రలో వెతికింది, నాలిక మీద వెతికింది. "కట్టు మీద... కాకి రెట్టా..."

అడుగు తప్పింది. నీళ్ళ బిందె తన్నుకుని, బొక్కబోర్లా పడింది. ఎన్నో మ్యాచ్‌లలో ఎవరూ పడగొట్టలేని మనిషి ఇంట్లో బిందె తగిలి పడింది. మోకాలు చీరుకుపోయింది. అప్పుడే మండింది, పడ్డప్పుడే. నీళ్ళలో కూర్చుని మోకాలు పట్టుకుని, "మండతందే అత్తా! ఇప్పుడే మండతందే!" అని అరిచింది.

"పడితే మండదేటి? దీనికి మతిపోనాది," అంది ఎల్లయమ్మ.

మంచం మీద లిక్కి మాత్రం, "కాకి రెట్టా!" అని పకపకా నవ్వింది. దగ్గరికి రాలేదు. కానీ నవ్వింది.

ఆ వారమంతా ఇంట్లో అదే గోల. గిన్నె మీద కూత, పిల్లి మీద కూత, సత్తిబాబు మీసం మీద కూత. కట్టిన ప్రతిసారీ నూకరత్నం ఏదో ఒకటి జారవిడిచేది. చేతిలో గరిటె పడేది, లేకపోతే అడుగు తడబడేది. మాట తట్టి, ఊపిరి ఆడి, కాలు కదిలిన ఆ చిటికెలో తను తన ఒంట్లోనే ఉండేది. కూత ఆగగానే మళ్ళీ జారిపోయేది. నీళ్ళలో సబ్బు పట్టుకున్నట్టు ఉండేది ఆ బతుకు.

లిక్కి మంచం మీద నుంచే, "కొత్తది! కొత్తది!" అని అరిచేది. అమ్మ పాదాలకి అందేంత దూరం మాత్రం వచ్చేది కాదు.

* * *

ఫైనల్సు రోజు గోవిందు మాస్టారే ఇంటికొచ్చాడు. "ఆడొద్దు రత్నం. బెంచీ మీద కూర్చో చాలు. నువ్వున్నావంటేనే పిల్లలకి ధైర్యం," అన్నాడు. ఆ జట్టు పిల్లలు తనతో బస్సులో తల దించుకుని వచ్చినవాళ్ళే. కాదనలేకపోయింది.

బెంచీ మీద కూర్చుని పేరు తెలీని దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టుకుంది. కాళ్ళు మాత్రం బెంచీ కింద తడుతూనే ఉన్నాయి. ఆట నువ్వా నేనా అన్నట్టు సాగింది. చివర్లో కూతకెళ్ళే పిల్లకి చీలమండ బెణికింది. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. మిగిలింది ఒక్క రైడు. ఒక్కరిని తాకొస్తే కప్పు.

మాస్టారు ఆవిడ వైపు చూశాడు. రమ్మనలేదు. చూశాడంతే. పిల్లలు కూడా చూశారు.

నూకరత్నం లేచింది. లేవాలని తనే అనుకుందో కాళ్ళే లేచాయో చెప్పలేం.

గీత దాటగానే గ్యాలరీలోకి వెళ్ళిపోయింది. కిందన ఒళ్ళు కూత పెడుతోంది, కబడ్డీ కబడ్డీ కబడ్డీ. ఎంత హాయిగా ఉందో అక్కడ! మండటం లేదు, భయం లేదు. అన్నీ అక్షరాల్లా కనిపిస్తున్నాయి. మధ్యలో పిల్ల భుజం వదులుగా ఉంది. ఒళ్ళు వంగి తాకేసింది. పాయింటు వచ్చేసినట్టే, ఇంక తిరిగి గీత దాటడమే.

తిరిగింది. మూల నుంచి ఆ పొట్టి పిల్ల పాములా పాకి వచ్చి మడమ పట్టింది. రెండు చేతుల్తో, గట్టిగా. నేల మీద బోర్లా పడి ఉంది పిల్ల. మొహం సరిగ్గా మడమ వెనకాలే ఉంది.

పైనుంచి నూకరత్నానికి అంతా కనిపించింది. కాలు ఇప్పుడు మెలి తిరుగుతుంది. తంతుంది. ఆ మొహం మీదే తంతుంది. అవతల గీత ఉంది, కప్పు ఉంది. తను వేలు పైకెత్తి నిలబడి ఉంటుంది. వెనకాల చప్పుడుండదు, తర్వాత ఏడుపు వస్తుంది.

కాలు మెలి తిరగడం మొదలెట్టింది. ఆగమంది తను. కాలు వినలేదు. దానికి తన మాట వినే అలవాటు పోయింది. నోరు కబడ్డీ కబడ్డీ అంటూనే ఉంది.

అప్పుడు ఏం తట్టిందో, ఎలా తట్టిందో, ఉన్న ఊపిరంతా పట్టి నోరు తన వైపు లాక్కుంది.

"కాలూ కాలూ కదలకు కాలూ! కాలి కింద పిల్లుంది కాలూ!"

స్టేడియం అంతా వినబడింది. మాట మాటకీ గ్యాలరీ దిగి వచ్చి ఒంట్లో పడింది నూకరత్నం. ఊపిరి అయిపోయింది. మడమ మీద ఆ పిల్ల గోళ్ళు గుచ్చుకుని భగ్గున మండింది. కాలు గాల్లో ఆగింది, పిల్ల ముక్కుకి బెత్తెడు దూరంలో.

రెఫరీ ఈల వేశాడు. కూత తప్పింది. అవుట్. పాయింటు అవతలి వాళ్ళకి.

అవతలి వైపు కేకలు, టపాసులు. కింద పడున్న పొట్టి పిల్ల తన ముక్కు ముందున్న పాదం చూసింది, పైకి నూకరత్నం మొహం చూసింది. కాలు వదిలేసి, మెల్లిగా రెండు చేతులూ జోడించింది. జట్టు పిల్లలు మాత్రం చాలాసేపు దగ్గరికి రాలేదు. కెప్టెను వచ్చి, "ఏటక్కా అది? ఫైనల్లో పాటేటక్కా!" అని ఏడ్చేసింది. నూకరత్నం కూడా ఏడ్చింది. అప్పుడే, అక్కడే, ఆ పిల్లతో కలిసి. మాస్టారు దూరంగా నిలబడి తల తిప్పుకున్నాడు.

* * *

మర్నాడు పొయ్యి మీద చేపల పులుసు కుతకుతలాడుతోంది. ఎల్లయమ్మ గుమ్మంలోంచి దెప్పుతూనే ఉంది. "పాటలు పాడీసి కప్పు ఇచ్చీసొచ్చావంటే ఒలే! పేటలో మొగం సూపించలేకపోతన్నాను. కట్టీదేదో ఇంకాస్త బాగా కట్టకపోనావేటి?"

నూకరత్నం గరిటె తిప్పుతోంది. డాక్టరమ్మ పొద్దున్నే ఫోను చేసింది. టీవీలో చూసిందట. "రేపొకసారి రా రత్నం. పట్టీ పెట్టను, లెక్కలడగను. ఆ కూతలు వింటాను," అంది. ఇంకేం చెప్పలేదు.

ఒళ్ళు ఇంకా ఏ నిమిషాన ఏం చేస్తుందో తెలీదు. పెదాలు కదుల్తున్నాయేమోనని మధ్యమధ్య వేలు పెట్టి చూసుకుంటోంది.

మడమ మీద ఏదో పడింది.

పొయ్యి పక్కనే ఉన్న మంచం కింద నుంచి వచ్చింది ఆ చెయ్యి. కట్టు లేని చెయ్యి, ఐదు వేళ్ళూ బెల్లం జిగురు. లిక్కి మంచం కింద బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి, అమ్మ మడమ పట్టుకుంది. సత్తిబాబు చొక్కా వేసుకుంటున్నవాడు అలాగే ఆగిపోయాడు. గుమ్మంలో ఎల్లయమ్మ దెప్పడం ఆపేసింది.

కాలి కండ ఒక్కసారి బిగిసింది. నూకరత్నం గరిటె వదిలేసింది.

"కూత పెట్టు," అంది మంచం కింద నుంచి లిక్కి. "కొత్తది."

నూకరత్నం నోరు తెరిచింది. పొయ్యి వైపు చూసింది, గోడ వైపు చూసింది, బల్లి వైపు చూసింది. ఒక్క మాటా తట్టలేదు. జిగురు వేళ్ళు ఒక్కొక్కటే తెలుస్తున్నాయి, వెచ్చగా, మెత్తగా. కాలు కదల్లేదు. ఊపిరి అయిపోయింది. నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది.

"అమ్మ అవుటు!" అని అరిచింది లిక్కి.

నవ్వొచ్చింది నూకరత్నానికి. అప్పుడే వచ్చింది. కూలబడి, పిల్లని మంచం కింద నుంచి లాక్కుని, కట్టుతో సహా ఒళ్ళో వేసుకుని నవ్వింది.

"ఒలే రత్నం," అంది ఎల్లయమ్మ ముక్కు ఎగబీలుస్తూ, "పులుసు మాడిపోతందే!"

"మాడనీ అత్తా," అంది నూకరత్నం.